పసిబిడ్డల సంరక్షణ: ఊరివారి పొత్తు పని

(శతవార్షికోత్సవ సందర్భమున జరిగిన స్త్రీల సదస్సులో మా పాస్టరేటు స్త్రీల సమాజము తరఫున చేసిన ప్రసంగ పాఠము)



నిన్నటినుండి ఈ పందిటిలో మన డయాసిస్ నూరేండ్ల చరిత్ర వినుచున్నాము. బడులు కట్టినవారిని, ఆసుపత్రులు నడిపినవారిని, ఎండలో ఊరూరు తిరిగిన బైబిలు స్త్రీలను తలచుకొంటిమి. మాకు ఇచ్చిన అంశము అంత పెద్దది కాదు. ఆరేండ్లలోపు పిల్లలను తల్లి పనికి పోయిన వేళ ఎవరు చూడవలెను, దానికి ఊరిలోనివారు కలిసి ఎట్లు ఏర్పాటు చేసికొనవలెను అన్నది మాత్రమే. భోజనములకు ముందు వేళ మాకు ఇచ్చినారు గనుక మీ ఓపికను ఎక్కువగా పరీక్షింపము.

మేము పల్నాటి పల్లెటూరివారము. మా వైపు ప్రత్తి, మిరప. జనవరి వచ్చినది మొదలు ఏప్రిల్ దాక మిరప కోతలు. తెల్లవారుజామున 5 గంటలకే వీధి చివర ఆటో హారను వినబడును. ఒక్క ఆటోలో పన్నెండు పదమూడు మంది స్త్రీలు ఎక్కుదురు. ఒడిలో అన్నపు క్యారేజీ, చీరమీద తొడుగుకొనుటకు మగవారి పాత చొక్కా. తిరిగి వచ్చుసరికి ఇండ్లలో లైట్లు వెలుగుచుండును. వరి చేనికైతే చంటిబిడ్డను తీసికొనిపోయి గట్టుమీద చెట్టు కొమ్మకు ఉయ్యాల కట్టుట మన పెద్దలనాటి అలవాటు. మిరప చేనికి అది వీలుకాదు. ఆ ఘాటుకు పెద్దలకే దగ్గు తెరలు తెరలుగా వచ్చును. కోసిన చేతులతో తల్లి బిడ్డ ముఖము తుడిచినను మంటే. అందుచేత బిడ్డను ఇంట వదలిపోవుదురు. ఎవరివద్ద? అత్తగారు ఉన్న అత్తగారివద్ద. అత్తగారును కోతకు పోవునదైతే తొమ్మిదేండ్ల అక్కవద్ద.

ఒక కోతల కాలమున మా వీధిలో ఒక సంగతి జరిగినది. పదునాలుగు నెలల బాబును చూచుచున్న అక్క, వానికి స్నానము చేయించవలెనని నీళ్లు కాచినది. తపేలా దించుచుండగా వాడు పాకుచు వచ్చి పట్టుకొనెను. చేయి, రొమ్ము కాలినవి. దేవుని దయవలన బిడ్డ బ్రతికెను, మచ్చ మిగిలినది. ఆ పిల్ల భయముతో పోయి గడ్డివామి వెనుక దాగినది. చీకటి పడిన తరువాత వెదకి తెచ్చిరి. మేము నలుగురము ఆ రాత్రి వారి ఇంటికి పోయి, ప్రార్థన చేసి, పండ్లు ఇచ్చి లేచితిమి. గుమ్మము దాటుచుండగా ఆ పిల్ల మాలో ఒకరి కొంగు పట్టుకొని, "రేపు కూడా నేనే చూడాలా, పెద్దమ్మా?" అని అడిగినది.

ఆ మాటకు మావద్ద జవాబు లేకపోయెను. ఆ పిల్ల మూడవ తరగతి. అప్పటికే నెల రోజులుగా బడికి పోవుటలేదని మాకు అప్పుడే తెలిసినది. ఆదివారపు బడికి ప్రతివారము వచ్చుచున్నది గనుక బడికి పోవుచున్నదనియే అనుకొంటిమి. ఆదివారము అమ్మ ఇంట ఉండును గదా, అందుచేత వచ్చుచుండెడిది.

తరువాతి సమాజపు కూటములో అందరము ఒక్కమాటగా, "ఒక గది కట్టుదము" అంటిమి. మనవారికి గది కట్టుటయనిన ఉన్న ఉత్సాహము మీకు తెలియనిది కాదు. ఎవరు సిమెంటు ఇత్తురు, ఎవరు రేకులు ఇత్తురు అని అప్పుడే కాగితముమీద వ్రాయ మొదలిడితిమి. మాలో రిటైరైన ఒక ఉపాధ్యాయినిగారు ఉన్నారు. ఆమె కొంతసేపు విని, "గది సంగతి తర్వాత చూద్దాం. ముందు పిల్లలెంతమందో చెప్పండి" అనిరి. ఎవ్వరికిని తెలియదు. సంఘపు రిజిస్టరులో బాప్తిస్మముల లెక్క ఉన్నది. ఏ బిడ్డ పగలు ఎవరి చేతులలో ఉన్నదో ఆ రిజిస్టరు చెప్పదు.

కావున ఒక నోటుపుస్తకము కొంటిమి. గడులు గీసితిమి. బిడ్డ పేరు, నెలలలో వయస్సు, తల్లి ఇల్లు విడుచు గంట, తిరిగి వచ్చు గంట, మధ్యాహ్నము అన్నము పెట్టునది ఎవరు. ఇంతే. రాత్రి భోజనములైన తరువాత ఇద్దరిద్దరము ఇల్లిల్లు తిరిగితిమి. చర్చి వీధి మాత్రమే కాదు, ఊరంతయు తిరిగితిమి. ఇతర వీధులవారు మొదట, చందాకు వచ్చినామని తలుపు వేసికొనిరి! అన్నిటికంటె మాకు కళ్లు తెరిపించినది ఆ చివరి గడి. "మధ్యాహ్నం అన్నం ఎవరు పెడతారమ్మా?" అని అడిగినప్పుడు, "ఎవరో ఒకరు పెడతార్లే అక్కా" అన్న ప్రతి ఇంటియందును పెట్టువారు ఎవ్వరును లేరని అర్థము.

పుస్తకము నిండిన తరువాత చూచుకొనగా, మేము అనుకొనినది వేరు, ఉన్నది వేరు. మూడేండ్లు దాటిన పిల్లలలో ఎక్కువమంది అంగన్‌వాడీకి పోవుచునే ఉన్నారు. వారికి తక్కువైనవి తెల్లవారుజాము గంటలును, సాయంకాలపు గంటలును. మూడేండ్లలోపు వారికి దినమంతయు తక్కువే. గది కట్టి మూడేండ్ల పిల్లలకు పాటలు నేర్పుదమని మేము అనుకొంటిమి. అది అంగన్‌వాడీలో జరుగుచునే ఉన్నది. లెక్క లేకుండ కట్టియున్న యెడల ఉన్నదానికి ప్రక్కన మరియొకటి కట్టియుండెడివారము, లేనిది లేకుండగనే ఉండిపోయెడిది.

అంగన్‌వాడీని గూర్చి రెండు మాటలు చెప్పవలెను. మనలో చాలమంది దానిని గ్రుడ్లు, పప్పు ఇచ్చు చోటుగా మాత్రమే ఎరుగుదురు. సమగ్ర శిశు అభివృద్ధి పథకము, అనగా ఐసీడీఎస్, 1975 అక్టోబరు 2వ తేదీన దేశములో 33 ప్రాజెక్టులతో ఆరంభమైనది. దానిలో ఆరు సేవలు: పోషకాహారము, టీకాలు, ఆరోగ్య పరీక్ష, అవసరమైనచో ఆసుపత్రికి పంపుట, తల్లులకు ఆరోగ్య బోధ, మూడునుండి ఆరేండ్ల వారికి బడికి ముందరి చదువు. మూడేండ్లలోపు బిడ్డకు ఈ ఏర్పాటులో దక్కునది ముఖ్యముగా ఇంటికి ఇచ్చు బాలామృతం పొట్లము, టీకా, నెలనెల బరువు తూచుట. దినమంతయు ఆ బిడ్డను ఎత్తుకొనియుండు చేతులు ఆ పథకములో లేవు. అది టీచరమ్మ తప్పు కాదు. ఆమె పిల్లలకు పాఠము చెప్పవలెను, వంట చూడవలెను, గర్భిణుల ఇండ్లకు పోవలెను, అదంతయు తిరిగి ఫోనులో ఎక్కించవలెను. మా ఊరి టీచరమ్మను మేము మొదట ఎన్నో అంటిమి. ఒక దినము ఉదయమునుండి సాయంకాలము దాక ఆమె ప్రక్కన కూర్చుండి చూచిన తరువాత మరల ఒక్క మాట అనలేదు.

సంవత్సరము నిండిన బిడ్డ కడుపు దాని పిడికిలియంత అందురు పెద్దలు. ఒక్కసారి ఎక్కువ పెట్టిన తినలేదు. కొంచెము కొంచెముగా దినమునకు నాలుగుసార్లు పెట్టవలెను. తల్లి 5 గంటలకు పోయి 7 గంటలకు వచ్చినచో ఆ నాలుగుసార్లలో మూడు ఆమె లేనప్పుడే. పొట్లము ఇంటికి వచ్చినను కలిపి పెట్టువారు లేనిచో అది అటకమీదనే ఉండును, లేదా ఇంటిల్లిపాదియు తలా ఒక గుప్పెడు తినివేయుదురు. ఇది మా నోటుపుస్తకములో కనబడిన సంగతియే.

ఈ ఆలోచన మనకు క్రొత్తదియు కాదు. మహారాష్ట్రలో తారాబాయి మోదక్, అనుతాయి వాఘ్ అను ఇద్దరు స్త్రీలు 1945లో బోర్డీ గ్రామమున పల్లె పిల్లలకు బాలవాడీ ఆరంభించిరి. పేదల పిల్లలు బాలవాడీకి రాకపోగా, బాలవాడీనే వారి ముంగిటికి తీసికొనిపోయిరి. అంగన్ అనగా ముంగిలి. ఆ పేరు అట్లు పుట్టినదే. మన తెలుగు బిడ్డ, రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డునకు మొదటి అధ్యక్షురాలు. ఊరిలో పనిచేయు స్వచ్ఛంద సంఘములకు ప్రభుత్వము డబ్బు సాయము చేయవలెను, పని మాత్రము ఊరిలోనివారు చేయవలెను అన్నది ఆమె నడిపిన పద్ధతి. ఎన్నో బాలవాడీలు ఆ సాయముతో నడిచినవి. 1969లో ఢిల్లీలో మీరా మహదేవన్ గారు, కట్టడపు పని జరుగు చోట మట్టిలో పడియున్న కూలివారి బిడ్డలను చూచి, అక్కడనే ఒక డేరాలో మొదటి సంచార శిశు సంరక్షణ కేంద్రము తెరచిరి. పని ఎక్కడికి పోయిన బిడ్డల డేరా అక్కడికి పోయెడిది. ఈ స్త్రీల కథలయందు మేము చూచినది ఒక్కటే. తల్లి నడుచు దారిని బట్టి వారు చోటు ఏర్పరచిరి గాని, చోటు కట్టి తల్లిని రమ్మనలేదు.

లెక్క చేతిలో ఉన్నవారికి చట్టము కూడ తోడుండును. 2006 డిసెంబరు 13వ తేదీన సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తరువులో, ఆరేండ్లలోపు పిల్లలు 40మంది ఉండి అంగన్‌వాడీ లేని పల్లెగాని మురికివాడగాని అడిగినచో, అడిగిన మూడు నెలలలోగా కేంద్రము ఏర్పాటు చేయవలెనని ఉన్నది. ఈ మాట మా వీధిలోనే ఎవ్వరికిని తెలియదు. ప్రతి అంగన్‌వాడీకి ఊరివారితో ఒక కమిటీ ఉండవలెనని, అందులో పంచాయతీ సభ్యురాలు, ఆశా కార్యకర్త, బడి ఉపాధ్యాయులు, పిల్లల తల్లులు ఉండవలెనని 2011లో కేంద్ర ప్రభుత్వము చెప్పినది. రాజ్యాంగపు పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన పనులలో స్త్రీ శిశు అభివృద్ధియు ఒకటి. మీ ఊరిలో ఆ కమిటీ పేర్లు కాగితముమీద ఉండియే యుండును. ఆ పేర్లలో మీ పేరు కూడ ఉండవచ్చును, మీకు తెలియకుండగనే! మాలో ఒకరి పేరు అట్లే ఉన్నది.

ఇక మేము కూర్చుండిన కూటమును గూర్చి. పగలు పెట్టిన స్త్రీలు రారు, కావున రాత్రి 8 గంటలకు పంచాయతీ ఆఫీసు అరుగుమీద పెట్టితిమి. సర్పంచి గారు, అంగన్‌వాడీ టీచరమ్మ, నర్సమ్మ, ఆశా కార్యకర్త, ప్రాథమిక పాఠశాల హెడ్మాస్టరు గారు, పొదుపు సంఘముల నాయకురాలు, కూలి ముఠాలను తీసికొనిపోవు మేస్త్రీలు ఇద్దరు, రైతులు నలుగురు, మా పాస్టరు అయ్యగారు వచ్చిరి. చంటిబిడ్డల తల్లులు వెనుక నేలమీద కూర్చుండిరి. మేము ఉపన్యాసము చేయలేదు. నోటుపుస్తకము తెరచి ఒక్కొక్క ఇంటి గంటలు చదివితిమి. పేర్లు చదువలేదు. సగము చదువకముందే ఒక రైతు, "నా చేలోకొచ్చే వాళ్లేగా వీళ్లంతా" అనెను. అప్పటినుండి మాట నడిచినది.

మాట నడిచినదనగా అన్నియు నున్నగా జరిగినవని కాదు. చోటు మొదటి చిక్కు. మన సంఘపు పాత బడి మూతపడి ఏండ్లైనది. దాని గది ఒకటి బాగుగనే ఉన్నది. ఆ గది ఇత్తుమని మేము అనగానే అటువైపు వీధులవారు ఒకరి ముఖము ఒకరు చూచుకొనిరి. చివరకు ఒక పెద్దాయన నిర్మొగమాటముగ, "మీ గదిలో పెడితే మా పిల్లలకు మీ పాటలు నేర్పుతారేమో" అనెను. మాలో కొందరికి కోపము వచ్చినది. పాస్టరు అయ్యగారు కోపపడలేదు. గదిమీద సంఘపు పేరు ఉండదు, పిల్లలున్న గంటలలో ప్రార్థనగాని మతబోధగాని ఉండదు, చూచువారిలో ఒకరు మన వీధినుండి, ఒకరు వారి వీధినుండి ఉందురు అని అక్కడనే ఒప్పుకొనిరి. ఆ మాటకు సంఘములో ఆయన పడిన మాటలు మాకు తెలియును. మన గది ఇచ్చి మన పేరు లేకుండుట ఏమి అని అడిగినవారు ఈ పందిటిలోను ఉందురు. ఆ ఒప్పందము లేకున్న సగము ఊరి బిడ్డలు బయటనే ఉండెడివారు. మేము అటువైపే నిలిచితిమి, ఇప్పుడును అటువైపే ఉన్నాము.

రెండవ చిక్కు ఇంతకంటె లోపలిది. ఒక వీధి పిల్లలకు వండిన పాత్రలో మరియొక వీధి పిల్లలకు పెట్టుటయా అని కొందరు తల్లులే గొణిగిరి. మేము దానికి వాదము పెట్టుకొనలేదు. అంగన్‌వాడీలో అదే పిల్లలు ఒకే పప్పు తినుచున్నారు గదా అని టీచరమ్మ అనెను. కొందరు బిడ్డలను పంపలేదు. రెండవ వారము వారిలో ఇద్దరు పంపిరి. ఒక ఇల్లు ఇప్పటికిని పంపుటలేదు.

మేము చేసిన తప్పు ఒకటి దాచక చెప్పవలెను. పిల్లలను చూచుటకు మా సమాజములోని ఒక విధవరాలిని, సేవగా చేయమని అడిగితిమి. ఆమె సంతోషముగా ఒప్పుకొన్నది. నెల తిరుగకముందే కోతకు పోయినది. మేము పోయి అడుగగా, "సేవ సంగతి సరే అక్కా, నాకు బియ్యం ఎవరు పోస్తారు?" అన్నది. ఆ మాట నిజమే. ఊరిలో అందరి కూలిని కాపాడుటకు ఆమె కూలి మేము ఎగవేసితిమి. ఆ దినమునుండి, చూచువారికి మిరప కోత కూలి ఎంతో అంతకు తగ్గకూడదని నియమము పెట్టుకొంటిమి. 2005లో వచ్చిన ఉపాధి హామీ చట్టములో, పనిచోటికి ఆరేండ్లలోపు పిల్లలు ఐదుగురు లేక ఎక్కువమంది వచ్చినచో కూలి స్త్రీలలో ఒకరిని వారిని చూచుటకు పెట్టి ఆమెకును అందరితో సమానముగ కూలి ఇయ్యవలెనని వ్రాసియుండిరి. ఎన్ని పనిచోట్ల అది జరిగినదో మీరు చూచినవారే. వ్రాసినవారు మాత్రము బిడ్డను చూచుట కూడ పనియేనని గ్రహించిరి, మేము గ్రహింపలేకపోతిమి.

డబ్బు ఎక్కడినుండి? తల్లులు పనికి పోయిన దినమునకు బిడ్డకు 20 రూపాయలు ఇత్తురు. పని లేని దినమున ఇయ్యనక్కరలేదు. అది చూచువారి కూలిలో సగమునకు కూడ రాదు. రైతులు తమ చేనికి కోతలున్న దినములలో ముఠాకింత అని మేస్త్రీద్వారా ఇత్తురు. మిగిలినది సంఘములో కోతల పండుగ కానుకనుండి, పొదుపు సంఘములనుండి వచ్చుచున్నది. కరెంటు, మంచినీళ్లు పంచాయతీవి. ఈ లెక్క నెలనెల గది గోడమీద కాగితము అంటించి పెట్టుదుము. ప్రభుత్వపు జాతీయ క్రెష్ పథకములో 2017నుండి కేంద్రము 60, రాష్ట్రము 30, నడుపు సంస్థ 10 పాళ్లు పెట్టుకొనవలెనని ఏర్పాటు చేసిరి. దానిలోను తల్లిదండ్రులవద్ద కొంత రుసుము ఉండెను: బీద కుటుంబమునకు నెలకు 20 రూపాయలు, కొంచెము కలవారికి 100, అంతకు పైవారికి 200. 2022లో దానిని పాలనా అను పేర మార్చి, అంగన్‌వాడీతో కలిపి క్రెష్ నడుపుటకు కూడ వీలు కల్పించిరి. 25మంది పిల్లలకు మించకుండ, ఒక కార్యకర్త, ఒక సహాయకురాలు, దినమునకు ఏడున్నర గంటలు, నెలకు 26 దినములు అన్నది వారి లెక్క. మిరప కోతల తల్లికి ఏడున్నర గంటలు చాలవు. కాని ఏడున్నర గంటలు అక్కడ దొరికినచో మనము చూచుకొనవలసినది మిగిలిన గంటలే గదా. మా మండలమునకు అట్టిది ఒకటి కావలెనని అర్జీ పెట్టుకొంటిమి. నోటుపుస్తకపు నకలు దానికి జతచేసితిమి. జవాబు ఇంకను రాలేదు.

గది ఎట్లు నడుచునో కొంచెము చెప్పెదము. దీనినే పలువురు అడుగుచున్నారు. మా ఊరిలో దానిని పిల్లల గది అనియే అందురు. ఉదయము ఐదింటికి తెరచును. మూడేండ్లు దాటినవారిని తొమ్మిదింటికి చేయి పట్టుకొని అంగన్‌వాడీకి నడిపించి, అది మూయు వేళకు మరల తీసికొనివత్తురు. చిన్నవారు ఇక్కడనే ఉందురు. బాలామృతం పొట్లముమీద బిడ్డ పేరు వ్రాసి తల్లి ఇక్కడనే ఉంచును, అటకమీదికి పోదు. పొయ్యి గదిలో లేదు, వెనుక వసారాలో తలుపు గడియ వేసి ఉండును. ఎందుచేతనో మీకు చెప్పనక్కరలేదు. చంటిపిల్లలకు పాత చీరల ఉయ్యాలలే, కాని నేలకు దగ్గరగా కట్టినవి. బిడ్డకు జ్వరముంటే ఉదయమే తల్లికి చెప్పి పంపివేయుదురు. ఆ దినము కూలి పోవునని తల్లి ఏడ్చిన దినములున్నవి, అది మాకు ఇంకను తీరని చిక్కు. మందులు గదిలో ఎవరును ఇయ్యరు. ఏ బిడ్డను ఎవరు తీసికొనిపోవలెనో ఆ పేరు వ్రాసియుండును. త్రాగివచ్చిన తండ్రికి బిడ్డను ఇయ్యరు. ఈ నియమము తల్లులే అడిగి వ్రాయించిరి. నెలకొకసారి టీచరమ్మ త్రాసు తెచ్చి తూచును. బరువు పెరుగని బిడ్డ ఉన్నచో నర్సమ్మకు చెప్పుదురు.

ఆరు నెలలలోపు బిడ్డలను మేము తీసికొనుటలేదు. ఆ వయస్సున తల్లిపాలు తప్ప వేరొకటి పెట్టకూడదు గదా. బాలెంతరాలు కోతకు పోకుండ ఆరు నెలలు ఇంట ఉండుటకు ఆమెకు ఎవరు పెట్టుదురు అన్నది వేరు ప్రశ్న. దానికి మా పుస్తకములో గడి లేదు. ఉండవలెను.

ఇతర రాష్ట్రములవారు మనకంటె ముందే నడచిరి. కర్ణాటకలో 2023లో 4,000 గ్రామ పంచాయతీలలో కూసిన మనె, అనగా పసిపిల్లల ఇల్లు, తెరుచుటకు పూనుకొనిరి. ఊరి స్త్రీలకే శిక్షణ ఇచ్చి, చూచువారికి కూలి ఉపాధి హామీ పనినుండి ఇచ్చునట్లు చేసిరి. ఛత్తీస్‌గఢ్ అడవి పల్లెలలో ఫుల్వారీ అను పేర తల్లులే వంతులు వేసికొని మూడేండ్లలోపు బిడ్డలను చూచుకొని, వండి పెట్టు ఏర్పాటు నడిచినది. మా ఊరిలో వంతుల పద్ధతి చెల్లదు. వంతు వచ్చిన దినము ఆమె కూలి పోవును, ముఠాలో ఆమె చోటు కూడ పోవును. ఒక ఊరి అంగీ మరియొక ఊరికి సరిపోదు. కొలత తీసికొనుట మాత్రము అంతట ఒక్కటే.

ఇప్పుడు మేము చేయలేకపోయినది. కోతలకు కర్నూలు వైపునుండి కుటుంబములు కుటుంబములుగా వచ్చి, చేల ప్రక్కన డేరాలు వేసికొందురు. ఆదోని, ఎమ్మిగనూరు వైపువారు. వారి బిడ్డలు కల్లాలలో ఎండు మిరపకాయల ప్రక్కన ఆడుచుందురు. మా నోటుపుస్తకములో మొదటి ఏడు వారి పేర్లే లేవు. ఊరి లెక్క అంటిమి గదా, వారు మా ఊరివారు కారని అనుకొంటిమి. టీచరమ్మయే అడిగినది, "డేరాల్లో వాళ్ల సంగతేంటమ్మా, వాళ్లను నేను చేర్చుకోవచ్చు, తెచ్చేవాళ్లు లేరు" అని. రెండవ ఏడు మేము పోయి వ్రాసికొంటిమి. డేరాలు ఊరికి రెండు మైళ్ల దూరములో ఉన్నవి. మూడేండ్లు దాటినవారిని కొన్ని దినములు ఒక ఆటోలో అంగన్‌వాడీకి తెచ్చితిమి. ఆటో డబ్బు అయిపోయినది, పిల్లలు రావడము ఆగిపోయినది. చిన్నవారిని తేనేలేదు. అక్కడనే ఒక డేరా వేసి ఇద్దరు స్త్రీలను పెట్టవలెను. మీరా మహదేవన్ గారు చేసినది అదియే. దానికి డబ్బు ఇయ్యవలసినవారు ఎవరు? వారిని పిలిపించుకొన్న రైతా, పిలుచుకొనివచ్చిన మేస్త్రీయా, వారు విడిచివచ్చిన ఊరి పంచాయతీయా, మా పంచాయతీయా? కూటములో అందరు ఒకరివైపు ఒకరు చూచుకొన్నారు. రానున్న జనవరిలోపల తేల్చవలెను.

ఆ మచ్చపడిన బాబు ఇప్పుడు అంగన్‌వాడీకి నడిచి పోవుచున్నాడు. వాని అక్క ఐదవ తరగతి. ఒక ఏడు వెనుకబడినది. హెడ్మాస్టరు గారు సాయంకాలము కూర్చుండబెట్టి చెప్పుచున్నారు. నీళ్లు కాచిన పొయ్యి దగ్గరకు ఇప్పటికిని పోదని వాళ్ల అమ్మ చెప్పినది.

మన డయాసిస్‌లో ఇట్లు మూతపడిన పాత బడి గదులు ఎన్ని పాస్టరేటులలో ఉన్నవో ఈ సంచిక తిరుగవేసినను కనబడును; పునాదిరాయి ఫోటోలు ఉన్నవి గదా. మీలో ఎవరైనను ఆ గదికి సున్నము వేయించుటకు తొందరపడినచో, మా మాట విని కొంచెము ఆగుడు. ముందు పది రూపాయల నోటుపుస్తకము కొనుడు. మేము గడులు గీసిన కాగితపు నకళ్లు తలుపువద్ద బల్లమీద పెట్టితిమి. భోజనమునకు పోవునప్పుడు ఒక్కొక్క పాస్టరేటువారు ఒక్కొక్కటి తీసికొనగలరు. ప్రత్తితీతలు మొదలుకాకముందే వ్రాసికొనుట మంచిది. మొదలైన తరువాత ఇండ్లలో ఎవరును దొరకరు.